పసిబిడ్డకు ‘యాంటీజెన్ల ఓవర్‌లోడ్’: ఆ ఫార్వర్డ్‌కు ముక్కముక్కకీ జవాబు

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ గ్రూపులోనైనా సరే, ఎవరింట్లోనో బిడ్డ పుట్టిందని తెలియగానే ఒక మెసేజ్ వచ్చి పడుతుంది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారం ఇదే:

“టీకాలో ఉండేది యాంటీజెన్, అంటే విషం. నెలన్నర బిడ్డకు ఒకే రోజు ఇన్నిన్ని వేస్తున్నారు. అంత చిన్న ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు, ఇమ్యూనిటీ అంతా టీకాల మీదే ఖర్చయిపోతుంది. జ్వరం వచ్చేది అందుకే. పైగా అందులో అల్యూమినియం కలుపుతారు. జబ్బు వచ్చి తగ్గితే వచ్చే ఇమ్యూనిటీయే అసలైనది. తల్లిపాలు, ఇంటి కషాయం చాలు. వేయించాలనుకుంటే ఏడాది దాటాక ఒక్కొక్కటిగా వేయించండి. పదిమందికీ పంపండి.”

కింద ఎవరో డాక్టరు పేరు ఉంటుంది. ఏ ఆసుపత్రి, ఏ విభాగం అన్నది మాత్రం ఉండదు.

నేను ఈ ఊళ్లోనే ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దస్తమానం యాంటీజెన్, యాంటీబాడీ రిపోర్టులతోనే సరిపోతుంది. ఈ మెసేజ్ పంపేవాళ్ల మీద నాకు కోపమేమీ లేదు. చంటిబిడ్డ తొడలో సూది దిగుతుంటే చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ భయానికి ఎవరో సైన్సు వేషం వేసి వదిలారు, అంతే. ఆ వేషం తీసి చూద్దాం.

“టీకాలో ఉండేది యాంటీజెన్, అంటే విషం”

మీ డ్రైవింగ్ లైసెన్సు తీసి చూడండి. బ్లడ్ గ్రూపు దగ్గర బి పాజిటివ్ అని ఉందనుకోండి. మీ ఎర్ర రక్తకణాల మీద బి అనే ఒక యాంటీజెన్, ఆర్‌హెచ్‌డి అనే ఇంకో యాంటీజెన్ ఉన్నాయని అర్థం. మొదటిది చిన్న చక్కెర గొలుసు, రెండోది ప్రోటీన్. ఎ, బి గ్రూపుల సంగతి 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ బయటపెట్టాడు. అంటే మన ఒంటినిండా యాంటీజెన్లే. కోడిగుడ్డు తెల్లసొనలో ఉన్నాయి, పల్లీల్లో ఉన్నాయి, గాల్లో ఎగిరే పుప్పొడిలోనూ ఉన్నాయి. యాంటీబాడీ (క్రిమిని పట్టుకోవడానికి ఒళ్లు చేసుకునే ప్రోటీన్) గానీ టీ కణం (ఒక రకం తెల్ల రక్తకణం) గానీ గుర్తుపట్టి పట్టుకోగలిగిన అణువు ఏదైనా యాంటీజెనే. అది విషమా కాదా అన్నది వేరే సంగతి.

విషమైనదాన్ని కూడా టీకాగా మార్చేటప్పుడు విషాన్ని తీసేస్తారు. ధనుర్వాతం బాక్టీరియా వదిలే టాక్సిన్ మహా ప్రమాదకరమైనది. దాన్ని ఫార్మాలిన్‌తో నిర్వీర్యం చేస్తే విషం చచ్చి, ఆకారం చాలావరకు మిగులుతుంది. యాంటీబాడీకి కావాల్సింది ఆ ఆకారమే. హెపటైటిస్-బి టీకాలో అయితే వైరసే ఉండదు. వైరస్ పైపొరలోని ఒక్క ప్రోటీన్‌ను ఈస్టు కణాల్లో తయారుచేసి వాడతారు. మన దేశంలో ఈ పద్ధతిలో మొదట టీకా తెచ్చింది హైదరాబాద్ కంపెనీయే, 1997లో శాంతా బయోటెక్నిక్స్.

“అన్ని యాంటీజెన్లను చంటిబిడ్డ తట్టుకోలేదు, ఇమ్యూనిటీ ఖర్చయిపోతుంది”

మెసేజ్‌కు ప్రాణమంతా ఈ ముక్కలోనే ఉంది. కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం.

బిడ్డను నెలన్నరకు అర్బన్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్తే ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు న్యుమోకోకల్ టీకా, కుడి భుజం చర్మంలోకి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, రోటా వైరస్ టీకా వేస్తారు. పెంటావాలెంట్ ఒక్కదాంట్లోనే ఐదున్నాయి: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (పిల్లల్లో మెదడు పొరల వాపు, న్యుమోనియా తెచ్చే బాక్టీరియా). చూస్తే ఎక్కువగానే అనిపిస్తుంది, కాదనను.

తొడలోకి వెళ్లిన ఆ అర మిల్లీలీటరు మందు ఏమవుతుంది? అక్కడికి చేరిన డెండ్రిటిక్ కణాలనే కాపలా కణాలు యాంటీజెన్‌ను మింగి గజ్జల్లోని లింఫ్ గ్రంథులకు బయల్దేరతాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్లలు కట్టాయంటాం చూడండి, అవే ఆ గ్రంథులు. మింగిన ప్రోటీన్‌ను ఈ కణాలు చిన్న చిన్న ముక్కలుగా తరిగి, ఒక్కో ముక్కను తమ పైపొర మీద నిలబెట్టి చూపిస్తాయి. గ్రంథిలోకి టీ కణాలు వస్తూ పోతూ ఉంటాయి. ప్రతి టీ కణానికీ ఒకే రకం గ్రాహకం, అంటే యాంటీజెన్‌ను పట్టుకునే కొక్కెం, ఉంటుంది. చూపిస్తున్న ముక్క ఎవరి గ్రాహకానికి సరిపోతే ఆ కణం ఆగుతుంది, మిగతావి సాగిపోతాయి. బీ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలదీ అదే పద్ధతి, కాకపోతే అవి ముక్కల్ని కాకుండా యాంటీజెన్‌ను దాని అసలు ఆకారంలోనే పట్టుకుంటాయి. టీ కణం సాయం అందాక అవి వేలల్లోకి పెరిగి, యాంటీబాడీలు తయారుచేసే కణాలవుతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి మిగిలిపోతాయి.

ఇందులో కీలకమైన సంగతి ఏమిటంటే, యాంటీజెన్‌ను చూశాక ఒళ్లు గ్రాహకాన్ని తయారుచేయడం లేదు. అంతకుముందే జన్యువుల ముక్కల్ని రకరకాలుగా కలిపి కోట్ల రకాల గ్రాహకాలను సిద్ధం చేసి పెట్టుకుంటుంది. ఆ కలపడం ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. యాంటీజెన్ వచ్చి తనకు సరిపోయినవాటిని ఎంచుకుంటుంది, అంతే. అమీర్‌పేట చౌరస్తాలో నిలబడి “ఒరేయ్ శ్రీనూ!” అని అరిస్తే శ్రీనులే వెనక్కి తిరుగుతారు, మిగతా జనం వాళ్ల దారిన వాళ్లు పోతారు. పక్కనే ఇంకొకరు “లక్ష్మీ!” అని పిలిచినా శ్రీనులకు వచ్చిన కష్టం లేదు. కోరింత దగ్గు యాంటీజెన్ లేపే కణాలు వేరు, పోలియో యాంటీజెన్ లేపేవి వేరు.

ఖర్చు మాటకొస్తే, ఇక్కడ తరిగేదేమీ లేదు, పెరగడమే. దీన్ని నేను ప్రతి వానాకాలం టేబుల్ మీద చూస్తుంటాను. డెంగ్యూ జ్వరం మొదలైన రెండో రోజు వచ్చిన రక్తంలో ఎన్‌ఎస్1 యాంటీజెన్ (వైరస్ ప్రోటీన్) పాజిటివ్, ఐజీఎం (మొదట తయారయ్యే రకం యాంటీబాడీ) నెగటివ్ అని వస్తుంది. అదే మనిషి వారం పోయాక మళ్లీ వస్తే చాలాసార్లు తారుమారవుతుంది: యాంటీజెన్ కనబడదు, ఐజీఎం యాంటీబాడీ గీత ముదురుగా కనబడుతుంది. ఆ మధ్య రోజుల్లో జరిగింది పైన చెప్పిన కణాల పెంపకమే. టీకా తర్వాత జరిగేదీ అదే, జబ్బు లేకుండా.

ఇక పసివాళ్ల శక్తి సంగతి. బి గ్రూపు ఉన్నవాళ్ల రక్తంలో ఎ యాంటీజెన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయి. అందుకే వాళ్లకు ఎ గ్రూపు రక్తం ఎక్కించకూడదు. జన్మలో ఎప్పుడూ ఎ గ్రూపు రక్తం తగలనివాళ్లలోనూ అవి ఉంటాయి. ఎక్కడివి? పేగుల్లో కాపురమున్న బాక్టీరియా మీద ఎ, బి యాంటీజెన్లను పోలిన చక్కెరలున్నాయి. వాటిని చూసి ఒళ్లు యాంటీబాడీలు చేసుకుంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో సొంతంగా చేసుకున్నవి దాదాపు ఉండవు, మూడు నుంచి ఆరు నెలల మధ్య కనబడటం మొదలవుతాయి. ఏ సూదీ వేయకుండానే, పెంటావాలెంట్ డోసులు పూర్తయ్యే వయసు నుంచే, పసివాళ్ల ఇమ్యూనిటీ ఎవరూ చెప్పకుండా చేస్తున్న పని ఇది. పుట్టిన కొద్ది రోజుల్లోనే పేగులో బాక్టీరియా కోట్లకు కోట్లు చేరతాయి, ఒక్కో బాక్టీరియాలో వేల ప్రోటీన్లు.

ఇక్కడ మనవైపు నుంచి ఖండన రాసేవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. అమెరికా లెక్క ఎత్తుకొచ్చి మన పిల్లలకు అతికిస్తారు. 2002లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో పాల్ ఆఫిట్ బృందం ఒక పట్టిక ఇచ్చింది. 1900 నాటి మశూచి టీకా ఒక్కదాంట్లోనే సుమారు 200 ప్రోటీన్లు. 1980 నాటికి అమెరికా పిల్లలకు ఇచ్చే టీకాలన్నీ కలిపి సుమారు 3,000. 2000 నాటికి టీకాల సంఖ్య పెరిగినా యాంటీజెన్లు 130 లోపుకు తగ్గాయి. కారణం, కోరింత దగ్గుకు మొత్తం బాక్టీరియాను వాడటం మానేసి కొన్ని ప్రోటీన్లే వాడటం. “చూశారా, తగ్గింది” అని ఇక్కడా రాసేస్తారు. మన సర్కారు టీకాల్లో ఇప్పటికీ వాడేది మొత్తం బాక్టీరియానే. అంటే ఆ 3,000 మన పిల్లలకు అందుతూనే ఉన్నాయి. క్షయకు వేసే బీసీజీ అయితే ఏకంగా బతికున్న బాక్టీరియా, సుమారు 4,000 జన్యువులున్నది. ఈ సంగతి దాచాల్సిన అవసరం నాకు కనబడదు. పేగులో ఉన్న లెక్క ముందు ఇది ఏ మూలకు?

అదే వ్యాసంలో పసిబిడ్డ ఒకేసారి 10,000 టీకాలకైనా స్పందించగలదన్న అంచనా ఉంది. అది కాగితం మీద కట్టిన లెక్క. నాకు దానికంటే పిల్లల మీద నిజంగా చేసి చూసిన పరీక్షలే నమ్మకమిస్తాయి. మన షామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ అనే రోటా వైరస్ టీకాను ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో పరీక్షించినప్పుడు మామూలు టీకాలతో పాటే ఇచ్చారు. పోలియో చుక్కల పనికి ఇది అడ్డుపడుతుందా అని ప్రత్యేకంగా చూశారు కూడా. అడ్డుపడలేదు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి, 2016లో సర్కారు టీకాల్లో చేరింది.

మెసేజ్‌లో గోరంత నిజం కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. పసివాళ్ల ఇమ్యూనిటీ పెద్దవాళ్లలా ఉండదు. రెండేళ్ల లోపు పిల్లలు బాక్టీరియా పైనుండే చక్కెర పూతకు సరిగ్గా స్పందించలేరు, ఎందుకంటే ఉత్త చక్కెరను టీ కణాలకు చూపించడం కుదరదు. అందుకే హిబ్, న్యుమోకోకల్ టీకాల్లో ఆ చక్కెరను ఒక ప్రోటీన్‌కు అతికించి ఇస్తారు. ప్రోటీన్ టీ కణాన్ని పిలుస్తుంది, ఆ సాయంతో చక్కెర మీదా యాంటీబాడీలు వస్తాయి. టైఫాయిడ్ టీకా ఇదివరకు రెండేళ్లు దాటాకే పనిచేసేది. ఇలా అతికించిన రకం భారత్ బయోటెక్ నుంచి వచ్చాక ఆరు నెలలకే వేయగలుగుతున్నారు. అంటే బిడ్డకున్న పరిమితి ఏమిటో తయారుచేసినవాళ్లకు తెలుసు, దానికి తగ్గట్టే చేశారు. మెసేజ్ రాసినవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

“జ్వరం వస్తోందంటే తట్టుకోలేకనే”

యాంటీజెన్ ఒక్కటే వెళ్తే డెండ్రిటిక్ కణం పెద్దగా పట్టించుకోదు. దాంతోపాటు ప్రమాదం ఉందన్న సంకేతం కూడా అందాలి. కోరింత దగ్గు బాక్టీరియా పైపొరలో అలాంటి సంకేతాలు బోలెడు. వాటిని పసిగట్టిన కణాలు వదిలే రసాయనాలు మెదడుకు చేరితే ఒళ్లు వేడెక్కుతుంది. పెంటావాలెంట్ వేసిన రాత్రి ఒళ్లు కాలడం, తొడ వాచడం అందుకే. ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. డాక్టరు బరువు చూసి చెప్పిన పారాసిటమాల్ చుక్కలు చాలు. అలాగని జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదని దిగులుపడే అమ్మమ్మలూ ఉన్నారు. హెపటైటిస్-బి టీకాకు చాలామంది పిల్లలకు వెచ్చబడను కూడా వెచ్చబడదు, యాంటీబాడీలు మాత్రం వస్తాయి.

మీ ఎడమ భుజం మీది బీసీజీ మచ్చ చూసుకోండి. చర్మంలోకి వేసినప్పుడు ఉబ్బిన చుక్క కాసేపటికే పోతుంది. కొన్ని వారాలయ్యాక అదే చోట చిన్న గడ్డ లేచి, చితికి, ఎండి మచ్చ పడుతుంది. ఆ మచ్చ సూది వల్ల పడింది కాదు, టీ కణాలు అక్కడికి వచ్చి పనిచేసి వెళ్లిన ఆనవాలు.

టీకా ఎప్పుడూ వికటించదని నేను అనను. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసుల్లో ఒకటి రెండింటికి రావచ్చు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది అందుకే. ఫిట్స్ వచ్చినా, మూడు గంటలు దాటి ఏడుపు ఆపకపోయినా, బిడ్డ వేలాడిపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

“అల్యూమినియం కలుపుతారు”

కలుపుతారు, నిజమే. పెంటావాలెంట్ సీసాను వాడేముందు ఏఎన్ఎం ఊపడం గమనించండి. అడుగున పేరుకున్న తెల్లటి మడ్డి కలిసి మందు పాలవిరుగుడులా మసగ్గా మారుతుంది. ఆ మడ్డే అల్యూమినియం ఉప్పు. శుద్ధి చేసిన ప్రోటీన్‌కు సొంతంగా ప్రమాద సంకేతం ఉండదు కాబట్టి ఆ పని ఇది చేస్తుంది. 1926 నుంచి తెలిసిన పద్ధతి. కోవిడ్ టీకా కోవాక్సిన్‌లోనూ అల్యూమినియమే, కాకపోతే వైరస్‌ను పసిగట్టే గ్రాహకాలను లేపే ఒక అణువును దానికి జత చేశారు. ఒక డోసులో ఉండేది మిల్లీగ్రాముకు అటూ ఇటూ. మెల్లగా రక్తంలోకి వచ్చి చాలావరకు మూత్రంలో పోతుంది. తల్లిపాలల్లోనూ అల్యూమినియం ఉందని కొందరు సమర్థిస్తారు గానీ ఆ పోలిక నాకు నచ్చదు, కడుపులోకి వెళ్లినదాంట్లో ఒంటికి పట్టేది చాలా తక్కువ. దానికన్నా గట్టి జవాబు ఉంది. 2025లో డెన్మార్క్ పరిశోధకులు 12 లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూశారు. టీకాలతో అందిన అల్యూమినియం పెరిగినకొద్దీ ఆస్తమా, ఆటిజం సహా 50 రకాల జబ్బుల్లో ముప్పు పెరిగిన దాఖలా దొరకలేదు.

“జబ్బు వచ్చి తగ్గితేనే అసలైన ఇమ్యూనిటీ”

తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదు, ఒప్పుకుంటాను. కానీ తట్టు వైరస్ పోతూ పోతూ ఏం పట్టుకుపోతుందో చూడండి. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో టీకా వేయించుకోని 77 మంది నెదర్లాండ్స్ పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించారు. అంతకుముందు ఇతర క్రిములమీద సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయి. ఈ వైరస్ సోకే కణాల్లో జ్ఞాపక కణాలూ ఉన్నాయి, వాటిని తినేస్తుంది. ఇమ్యూనిటీ ఖర్చయిపోవడమంటే ఇదీ. మెసేజ్‌లో భయపెట్టినది జబ్బు చేస్తోంది, టీకా కాదు.

ధనుర్వాతం సంగతి ఇంకా విచిత్రం. ప్రాణం తీయడానికి సరిపోయే టాక్సిన్ ఎంత తక్కువంటే, ఇమ్యూనిటీని లేపడానికి అది చాలదు. జబ్బు నుంచి బతికి బయటపడ్డవాళ్లకు కూడా టీకా వేయాల్సిందే. డెంగ్యూలో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక వేరే రకం వస్తే, పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను సగం సగం పట్టుకుని కణాల్లోకి దారి చూపించి జబ్బును ముదరబెట్టొచ్చు. సహజంగా వచ్చిందల్లా మంచిదే అనేవాళ్లు డెంగ్యూ సీజన్లో ఏదైనా వార్డుకు వెళ్లి ఆ మాట చెప్పాలి.

“తల్లిపాలు, కషాయం చాలు”

తల్లిపాలకు సాటి లేదు. పాలల్లోని ఐజీఏ అనే రకం యాంటీబాడీ బిడ్డ పేగులకు కాపలా కాస్తుంది. కడుపులో ఉన్నప్పుడే మాయ ద్వారా తల్లి రక్తంలోని ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ అందుతుంది. అయితే అది తల్లి చేసి ఇచ్చినది, బిడ్డ సొంతం కాదు. నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. తట్టు-రుబెల్లా టీకాను తొమ్మిది నెలల దాకా ఆపేది కూడా తల్లి యాంటీబాడీలు టీకా వైరస్‌ను పని చేయనివ్వకుండా అడ్డుకుంటాయనే.

కషాయం గురించి ఒకటే మాట. ఎన్ని మిరియాలు దంచినా అందులో కంఠసర్పి టాక్సిన్ ఆకారం ఉండదు, దాన్ని పట్టే కణం లేవదు. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దంటారు. తేనె అయితే ఏడాది దాకా నాకించకూడదు, బొటులిజం ప్రమాదం.

“ఏడాది దాటాక ఒక్కొక్కటిగా”

మెసేజ్ మొత్తంలో నన్ను భయపెట్టేది ఈ చివరి మాటే, ఎందుకంటే ఇది చదివి ఆచరించేవాళ్లున్నారు. కోరింత దగ్గు ప్రాణాలు తీసేది ఎక్కువగా మొదటి కొద్ది నెలల పిల్లల్లో. ఏడాది దాటాక వేస్తే ఎవరి కోసం? హెపటైటిస్-బి ఉన్న తల్లి నుంచి కాన్పులో బిడ్డకు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పుట్టిన 24 గంటల్లోపు డోసు పడాలనేది అందుకే. ఒక్కొక్కటిగా వేయిస్తే బిడ్డకు సూదులేమీ తగ్గవు, సెంటర్‌కు తిరగడం పెరుగుతుంది, రక్షణ లేని రోజులు పెరుగుతాయి.

ఇప్పటికే ఈ మాట నమ్మి ఆపేసిన ఇళ్లు ఉంటే, అయిపోయిందని వదిలేయక్కర్లేదు. బీసీజీ ఏడాది లోపు ఎప్పుడైనా వేస్తారు. పెంటావాలెంట్, రోటా మొదటి డోసు కూడా ఏడాది నిండేలోపు మొదలుపెట్టొచ్చు, ఏడాది దాటినవాళ్లకు పెంటా బదులు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) ఇస్తారు. తట్టు-రుబెల్లా ఐదేళ్ల దాకా వేస్తారు. మధ్యలో డోసు తప్పితే కోర్సు మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, ఆగిన చోటినుంచే కొనసాగిస్తారు, జ్ఞాపక కణాలు అప్పటిదాకా ఎక్కడికీ పోవు. మన దగ్గర టీకాలు వేసేది బుధవారం, శనివారం. తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్తే ఏ గడి ఖాళీగా ఉందో చూసి ఏఎన్ఎమ్మే చెబుతుంది.